చారిత్రక చర్చిలకు వీల్‌చైర్‌లో వెళ్ళడం: లండన్ సెయింట్ పాల్స్ నుంచి మన ఊరి గుడి మెట్ల దాకా

రీడింగ్_గుంటూరు:

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు మే నెలలో గుంటూరు నుంచి మా దగ్గరికి, ఇంగ్లండుకు వస్తున్నారు. ఆయన ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పి పదవీ విరమణ చేసినవారు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి వీల్‌చైర్ వాడుతున్నారు; ఎవరైనా పట్టుకుంటే కాసేపు నిలబడగలరు గాని మెట్లు ఎక్కలేరు. లండన్‌లో సెయింట్ పాల్స్ కెథీడ్రల్ (బిషప్ పీఠం ఉన్న పెద్ద చర్చి) చూడాలన్నది ఆయనకు ఎప్పటి నుంచో ఉన్న కోరిక. ఫోటోలలో కనిపించే పడమటి ముఖద్వారం ముందు పెద్ద మెట్ల వరుస ఉన్నది. లోపలికి వేరే మార్గం ఉన్నదా, ఉంటే ఎంత వరకు చూడవచ్చు, మరుగుదొడ్డి సౌకర్యం ఎక్కడ, మేముండే రీడింగ్ పట్టణం నుంచి ఏ దారిన వెళ్తే మంచిది అనే విషయాలు అనుభవం ఉన్నవారు తెలుపగలరు. ఆయనను ఎవరూ కుర్చీతో సహా ఎత్తకూడదన్నది నా మొదటి షరతు.

థేమ్స్_గట్టు:

రీడింగ్_గుంటూరు గారూ, మీ షరతుకు భంగం రాకుండానే మీ నాన్నగారు లోపలికి వెళ్ళవచ్చు. కెథీడ్రల్ ఉత్తరపు వైపు, అంటే నార్త్ ట్రాన్సెప్ట్ ద్వారం దగ్గర, 2022లో శాశ్వతమైన ర్యాంపులు కట్టారు. అవి పాత మెట్లకు రెండు వైపులా ఉంటాయి. ఆ ద్వారం గుండా వెళ్తే నేరుగా ప్రధాన అంతస్తులోకే, గుమ్మటం కిందికే చేరుకుంటారు. నలుపు తెలుపు చలువరాతి నేల నున్నగా ఉంటుంది కనుక చక్రాలు సులువుగా సాగుతాయి. భూగర్భ మందిరానికి లిఫ్టు ఉన్నది. నౌకాదళ సేనాని నెల్సన్, సైన్యాధిపతి వెల్లింగ్టన్ సమాధులు, కట్టడాన్ని రూపొందించిన క్రిస్టఫర్ రెన్ సమాధి అక్కడే ఉన్నాయి. చరిత్ర మాస్టారికి ఆ ఒక్క అంతస్తే సగం రోజు పడుతుంది. వీల్‌చైర్‌కు అనువైన మరుగుదొడ్డి, కాఫీ దుకాణం కూడా ఆ అంతస్తులోనే ఉంటాయి.

గుమ్మటంపై ఉన్న గ్యాలరీలకు మాత్రం లిఫ్టు లేదు. విస్పరింగ్ గ్యాలరీకి 257 మెట్లు, రాతి గ్యాలరీకి 376, అన్నిటికన్నా పైనున్న గోల్డెన్ గ్యాలరీకి 528 మెట్లు ఎక్కాలి. ఈ సంగతి ఇంటి దగ్గరే మీ నాన్నగారికి చెప్పి తీసుకువెళ్ళడం మంచిది. అక్కడికి వెళ్ళాక తెలిస్తే మనసు నొచ్చుకుంటుంది.

ప్రయాణం విషయంలో ఒక హెచ్చరిక. సెయింట్ పాల్స్ అనే పేరుతోనే ఉన్న ట్యూబ్ (భూగర్భ రైలు) స్టేషన్‌లో మెట్లు తప్పవు కనుక అక్కడ దిగకండి. మీరు రీడింగ్‌లో ఎలిజబెత్ లైన్ రైలు ఎక్కి నేరుగా ఫారింగ్‌డన్‌లో దిగండి. ఆ మార్గంలోని స్టేషన్లన్నిటిలోనూ రోడ్డు నుంచి ప్లాట్‌ఫారం వరకు మెట్లు లేని దారి ఉన్నది. రీడింగ్‌లో రైలు ఎక్కేటప్పుడు సిబ్బందిని అడిగితే మడత ర్యాంపు వేస్తారు. ఫారింగ్‌డన్ నుంచి నల్ల టాక్సీ ఎక్కండి. లండన్‌లో నల్ల టాక్సీలన్నీ వీల్‌చైర్ ఎక్కేలా ఉండాలన్నది లైసెన్సు నిబంధన. నడిచి వెళ్ళదలచుకుంటే మెట్లు లేని మరో స్టేషన్ బ్లాక్‌ఫ్రయర్స్. అయితే అక్కడి నుంచి దారి ఎగువకు సాగుతుంది, కుర్చీ నెట్టేవారికి బలం కావాలి.

ఆదివారాలు ఆరాధనకే తెరుస్తారు, సందర్శకులకు టికెట్లు ఉండవు. సాయంకాలపు సంగీత ఆరాధనకు ఎవరైనా ఉచితంగా రావచ్చు. గుమ్మటం కింద కూర్చుని ఆ గానం వినడం గ్యాలరీలు ఎక్కడం కన్నా తక్కువ అనుభవమని నేను ఎన్నడూ అనుకోలేదు.

చక్రగమనం_రాజమండ్రి:

నేను బాల్యంలో వచ్చిన పోలియో వల్ల వీల్‌చైర్ వాడుతున్నాను. థేమ్స్_గట్టు గారు చెప్పిన ఒక మాట దగ్గర ఆగిపోయాను: ర్యాంపులు పాత మెట్లకు రెండు వైపులా ఉన్నాయన్న మాట. అంటే మెట్లు ఎక్కేవారు, చక్రాలపై వచ్చేవారు ఒకే గుమ్మంలోంచి లోపలికి వెళ్తున్నారు. బయటివారికి ఇది చిన్న సంగతిగా తోచవచ్చు. మా వంటి వారికి చాలా పాత కట్టడాల్లో లభించే దారి ఎలా ఉంటుందో చెబుతాను. వెనుక వైపు స్టోరు గది తలుపు, చెత్త డబ్బాల పక్కనుంచి సందు, తాళం చెవి ఉన్న వ్యక్తి కోసం ఫోనులో వెతుకులాట. లోపలికి చేరుతాము, నిజమే. కాని తక్కినవారు దేవుని మందిరంలోకి ప్రవేశించినట్లు మేము ప్రవేశించము.

మా ప్రాంతంలో వందేళ్ళు దాటిన ఒక చర్చికి నేను పండుగలకు వెళ్తాను. అక్కడ నలుగురు యువకులు ఎంతో ప్రేమతో నా కుర్చీని ఎత్తి లోపల దించుతారు. వారి ప్రేమను నేను శంకించను. అయితే చక్రాన్నో, ఊడివచ్చే చేతిపట్టీనో పట్టుకుని ఎత్తితే కుర్చీ ఒరుగుతుంది. వాన పడిన రోజున మెట్లపై ఒకరి కాలు జారితే అయిదుగురమూ పడతాము. పైగా మధ్యలో నాకు బయటికి వెళ్ళవలసిన అవసరం కలిగితే ఆరాధన జరుగుతుండగా నలుగురిని లేపాలి. అందుచేత ఉదయం నుంచి నీళ్ళు తాగకుండా వెళ్తాను. రీడింగ్_గుంటూరు గారు పెట్టిన షరతు ఎంత సరైనదో చెప్పడానికే ఇది వ్రాశాను.

పాత_కట్టడం:

అందరి బాధనూ గౌరవిస్తూనే ఒక భిన్నాభిప్రాయం చెబుతాను. చారిత్రక కట్టడం ఒక తరానికి చెందిన ఆస్తి కాదు. ముందు వరండాలో కాంక్రీటు పోసి, స్టీలు గొట్టాలు బిగించి, పాత రాతి మెట్లను పగులగొట్టిన చోట్లు మన రాష్ట్రాలలో నేను స్వయంగా చూశాను. దానివల్ల వీల్‌చైర్‌కు దారి ఏర్పడిందా అంటే అదీ లేదు; ఆ వాలు మీద బలమైన మనిషి కూడా ఖాళీ కుర్చీని నెట్టలేడు. సెయింట్ పాల్స్ వంటి చోట ధనం, నిపుణులు ఉన్నారు. మనకు ఆ స్థాయి లేనప్పుడు ముఖద్వారాన్ని ముట్టుకోకుండా పక్క దారి చూపడమే వివేకం అని నా అభిప్రాయం.

సున్నపు_గార:

పాత_కట్టడం గారూ, నా వృత్తి పాత కట్టడాల మరమ్మతు. మీరు చూసినటువంటి పనులను నేనూ చూశాను, వాటిని సరిదిద్దే పని నాకూ పడింది. మీ ఆందోళనలో సగం నాదే. అయితే ఆ పనులు చెడిపోవడానికి కారణం ర్యాంపు కట్టాలన్న నిర్ణయం కాదు, కొలతలు తీసుకోకుండా మేస్త్రీకి అప్పగించడం.

ముందుగా చరిత్ర చూద్దాం. సెయింట్ పాల్స్ 1675లో మొదలై 1710 నాటికి పూర్తయిందని చెబుతారు. ఆ తరువాత అది ఒకేలా నిలిచి ఉండలేదు. 1941 ఏప్రిల్‌లో జర్మన్ బాంబు ఒకటి సరిగ్గా ఈ ఉత్తరపు భాగంపైనే పడి నేలను చీల్చుకుని భూగర్భంలోకి దిగింది. యుద్ధం తరువాత దానిని పునర్నిర్మించారు. ఆ వైపే నేడు ర్యాంపులు వచ్చాయి. లండన్‌లోనే ఉన్న మరో పాత చర్చి వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో 13వ శతాబ్దపు పై అంతస్తు గ్యాలరీని 2018లో ప్రజలకు తెరిచినప్పుడు లిఫ్టు కోసం పాత గోడలను తొలవలేదు. బయట ఒక మూలలో వెస్టన్ టవర్ అనే కొత్త బురుజును కట్టి లిఫ్టును, మెట్లను అందులో పెట్టారు. ఇంగ్లండులో కెథీడ్రల్ కట్టడానికి ఇటువంటి పెద్ద మార్పు చేయాలంటే దాని కోసమే చట్టబద్ధంగా ఏర్పడిన పరిరక్షణ సంఘాల అనుమతి తప్పనిసరి. పరిరక్షణ ఎంతో కఠినంగా ఉన్న చోటనే ఈ పనులు జరిగాయన్నది గమనించగోరుతాను.

ఇక మన ఊళ్ళలో చేయదగిన పని. ర్యాంపు వాలు 1:12 కన్నా ఎక్కువ ఉండరాదు. అంటే అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు. ఆరంగుళాల మెట్లు మూడు ఉన్నాయనుకోండి, మొత్తం ఎత్తు సుమారు 450 మిల్లీమీటర్లు, దానికి 5.4 మీటర్ల వాలు కావాలి. పైనా కిందా కుర్చీ తిరగడానికి 1.5 మీటర్ల సమతలం వేరుగా ఉండాలి. మూడు మెట్లకే ఇంత స్థలం పడుతుందని తెలియక రెండు మీటర్లలో ముగించేస్తారు, అందుకే ఎవరూ ఎక్కలేని జారుడుబల్ల తయారవుతుంది. చోటు లేకపోతే ర్యాంపును గోడ వెంబడి మలుపు తిప్పవచ్చు, కాని వాలు పెంచకూడదు.

రెండవ విషయం, నా మనసుకు దగ్గరిది. పాత చర్చిల గోడలు సున్నపు గారతో కట్టినవి. వాటిలోని తేమ బయటికి ఆరిపోతూ ఉండాలి. గోడకు ఆనించి సిమెంటు కాంక్రీటు పోస్తే తేమకు దారి మూసుకుపోయి అది పైకి పాకుతుంది, గార పొడిపొడిగా రాలుతుంది. కనుక ర్యాంపును గోడకు తాకకుండా నాలుగు వేళ్ళ సందు వదిలి, దాని పునాది మీద అది నిలబడేలా కట్టాలి. ఆ సందులో వాన నీరు నిలవకుండా కాలువ ఉండాలి. పాత మెట్లను కొట్టవలసిన పనే లేదు. రేపు ఇంతకన్నా మంచి ఉపాయం దొరికితే ఈ ర్యాంపును తీసేయవచ్చు, కట్టడంపై ఒక్క గీత కూడా మిగలదు. పైపొరకు మెరుగుపెట్టిన గ్రానైటు వాడకండి, తడిస్తే ప్రమాదం; గరుకు రాయి వేయండి. అంచు వెంట చక్రం జారిపోకుండా చిన్న కట్ట, రెండు పక్కలా చేతిపట్టీలు ఉండాలి.

మంజీర_తీరం:

మెదక్ నుంచి వ్రాస్తున్నాను. మా కెథీడ్రల్ సంగతి లేకుండా ఈ చర్చ నడవడం బాగుండదనిపించింది. 1914లో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు పని మొదలుపెట్టించి, కరవు కాలంలో వేలాది మందికి కూలి, కూడు కల్పిస్తూ కట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది, 2024లో నూరేళ్ళు నిండాయి. 175 అడుగుల గోపురం ఎంతో దూరం నుంచి కనిపిస్తుంది. క్రిస్మస్ నాడు ఇక్కడికి అన్ని మతాల వారూ కుటుంబాలతో వస్తారు. వారిలో ముసలివారు, మోకాళ్ళ నొప్పులవారు, కర్రల సాయంతో నడిచేవారు లేని కుటుంబం ఉండదు.

నేను చెప్పదలచినది రంగు అద్దాల కిటికీల గురించి. క్రీస్తు జననం, సిలువ మరణం, ఆరోహణం ఆ మూడు కిటికీలలో ఉన్నాయి. బయట నిలబడి చూస్తే అవి మసిపట్టిన గాజు పలకల్లాగే ఉంటాయి. పగటి వెలుగు వాటి గుండా లోపలికి వచ్చినప్పుడే, లోపల ఉన్నవారికే ఆ బొమ్మలు కనబడతాయి. ఇటువంటి మందిరాలలో ఎవరినైనా “మీరు ఇక్కడ చెట్టు కింద కూర్చోండి, మేము చూసి వస్తాము” అని బయట ఉంచితే వారు సగం చూసినట్లు కూడా కాదు, అసలు చూడనట్లే. మెదక్ చర్చి ఎత్తైన పీఠం మీద ఉన్నది, ముందు వైపు మెట్లు ఉన్నాయి. పెద్దవారిని తీసుకువచ్చేవారు రద్దీ లేని మామూలు పనిదినాన, మధ్యాహ్నానికి ముందే రావాలని, ముందుగా చర్చి కార్యాలయంతో మాట్లాడి ఏ వైపు దారి అనువుగా ఉంటుందో అడగాలని నా మనవి. పండుగ రోజున ఎంత మంచి ఏర్పాటు ఉన్నా ఆ జనంలో కుర్చీ కదలదు.

సెక్షన్_45:

న్యాయవాదిగా ఒక మాట. ఈ చర్చ ఇంతవరకు దయ, వివేకం అనే భాషలోనే నడిచింది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో ‘ప్రజా భవనం’ అనే మాటకు నిర్వచనం చూడండి. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా ప్రజలు వాడుకునే భవనం అన్న తరువాత, ఏయే కార్యకలాపాలకో పేర్కొంటూ మతపరమైన, సాంస్కృతికమైన వాటిని కూడా చేర్చారు. అంటే చర్చి, గుడి, మసీదు అన్నీ అందులోకి వస్తాయి. 45వ సెక్షన్ ప్రకారం ఉన్న ప్రజా భవనాలన్నిటినీ నిబంధనలు వెలువడిన నాటి నుంచి 5 సంవత్సరాలలోపు అందరికీ అందుబాటులోకి తేవాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, గడువు 2022లోనే ముగిసింది.

2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు మరొక ముఖ్యమైన మాట చెప్పింది. అందుబాటు ప్రమాణాలను తెలిపే 15వ నిబంధన కేవలం సిఫారసులాగా ఉన్నదని, చట్టం విధించినది తప్పనిసరి బాధ్యత కనుక ఆ నిబంధన చట్టానికి విరుద్ధమని తేల్చి, తప్పక పాటించవలసిన ప్రమాణాలను రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసు వేసినవారు చూపు లేనివారు, వేసినది 2005లో. దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. ఏ ప్రార్థనా మందిరం మీదా వ్యాజ్యం వేయమని నేను అనడం లేదు. కమిటీ సమావేశంలో “పాత కట్టడం కదా, మనకు వర్తించదు” అని ఎవరైనా అంటే ఈ నిర్వచనాన్ని చదివి వినిపించండి చాలు. అప్పటికీ స్పందన లేకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేసే మార్గం చట్టంలోనే ఉన్నది.

వినికిడి_దారి:

మా అబ్బాయికి వినికిడి లోపం ఉన్నది. ర్యాంపు గురించి చర్చ ఎంతో విలువైనదే, అయితే అందుబాటు అక్కడితో ముగిసినట్లు భావించవద్దని కోరుతున్నాను. ఎత్తైన పైకప్పు ఉన్న పాత చర్చిలలో మాట ప్రతిధ్వనిస్తుంది. మామూలు వినికిడి ఉన్నవారికే ప్రసంగం తెలియదు. స్పీకర్ల శబ్దం పెంచితే మరింత గందరగోళం అవుతుంది. ఇండక్షన్ లూప్ అనే ఏర్పాటు ఉంటుంది. నేల వెంట ఒక తీగ చుట్టి దానిని మైకు వ్యవస్థకు కలుపుతారు. వినికిడి యంత్రంలో ‘టి’ మీట నొక్కితే వక్త మాట ప్రతిధ్వని లేకుండా నేరుగా చెవికి చేరుతుంది. గోడ తొలవనవసరం లేదు, కట్టడం రూపం మారదు. ఇంగ్లండులో చిన్న గ్రామీణ చర్చిలలో కూడా ఈ గుర్తు ఉన్న బోర్డు కనిపిస్తుంది. చూపు లేనివారికైతే కట్టడపు చిన్న నమూనాను చేతితో తాకి చూసేలా ఉంచితే, గోపురం ఎక్కడ ఉన్నదో, తాము ఎక్కడ నిలబడి ఉన్నారో వారికి మనం ఎంత వర్ణించినా తెలియనంతగా తెలుస్తుంది.

పాత_కట్టడం:

సున్నపు_గార గారి వివరణకు ధన్యవాదాలు. గోడకు తాకకుండా, తిరిగి తీసేయడానికి వీలుగా కట్టే పనికి నాకు అభ్యంతరం లేదు. కాని అది వ్రాసి పెట్టిన షరతుగా ఉండాలి. దాత పేరు చెక్కిన పెద్ద శిలాఫలకం కోసం ముఖద్వారం ముందే కట్టాలని పట్టుబట్టేవారు ఉంటారు. డబ్బు ఇచ్చేవారే స్థలాన్ని నిర్ణయించే పద్ధతి మానితేనే నేను కమిటీలో చేయి ఎత్తుతాను.

చక్రగమనం_రాజమండ్రి:

శిలాఫలకం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. స్థలాన్ని నిర్ణయించే రోజున చక్రాలపై వచ్చే ఒక మనిషిని పిలిచి, వారి చేత దారి నడిపించి చూడండి. కాగితం మీద కనబడని గడప, మలుపు దగ్గర తగిలే స్తంభం అప్పుడే తెలుస్తాయి.

లోపలికి చేరిన తరువాతి సంగతి కూడా చెప్పాలి. బల్లలన్నీ వరుసగా బిగించి ఉంటే నన్ను నడవలో కూర్చోబెడతారు. వచ్చేవారికీ పోయేవారికీ అడ్డం. లేదా అన్నిటికన్నా వెనుక, తలుపు దగ్గర. మధ్యలో ఒక వరుస బల్లను మూడడుగులు తగ్గిస్తే నా కుర్చీ అక్కడ ఇముడుతుంది, నా భార్య పక్కనే కూర్చుంటుంది. ప్రభురాత్రి భోజనం వేళ బలిపీఠం ముందు మెట్లు ఉంటాయి. నేను వెళ్ళే చోట అయ్యగారు అందరికీ ఇచ్చిన తరువాత చివరిగా నా దగ్గరికి దిగి వస్తారు. అందరూ తిరిగి చూస్తుండగా ఒంటరిగా తీసుకోవడం నాకు ఇన్నేళ్ళయినా అలవాటు కాలేదు. మెట్ల కింద నేలమీదనే ఒక వరుస నిలబడితే, నడవగలిగినవారు కూడా కొందరు నాతో పాటు అక్కడే తీసుకుంటే, దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

రీడింగ్_గుంటూరు:

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మేము ఎలిజబెత్ లైన్‌లో ఫారింగ్‌డన్ వరకు, అక్కడి నుంచి టాక్సీలో, పనిదినాన ఉదయం వెళ్ళి, సాయంకాలపు ఆరాధన దాకా అక్కడే ఉండాలని నిర్ణయించుకున్నాము. ఈ చర్చ మొత్తాన్ని నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను. గ్యాలరీల మెట్ల లెక్క విని, రెన్ సమాధి ఉన్న అంతస్తుకు లిఫ్టు ఉన్నదా లేదా అన్నది మాత్రమే మళ్ళీ మళ్ళీ అడిగారు. ఉన్నదని చెప్పాను.

ఆయన మరొక పని అప్పగించారు. గుంటూరు దగ్గర మా సొంత ఊరి చర్చి కూడా పాతదే. పక్షవాతం తరువాత ఆయన అందులోకి వెళ్ళలేదు, కారులో కూర్చుని కిటికీ దించి ప్రసంగం వింటారు. అక్కడ ముందు వైపు అయిదు మెట్లు, ప్రతి మెట్టూ దాదాపు ఆరంగుళాలు; దక్షిణం వైపు ఒక పక్క ద్వారం, దాని ముందు ఖాళీ స్థలం ఉన్నాయి. కమిటీవారితో ఆయన మాట్లాడుతానంటున్నారు. ఎంత స్థలం కావాలో, ఏ ద్వారం మేలో సున్నపు_గార గారు చెప్పగలరా?

సున్నపు_గార:

అయిదు మెట్లు అంటే సుమారు 750 మిల్లీమీటర్లు. వాలుకే 9 మీటర్లు కావాలి, పైన కింద సమతలాలతో కలిపి 12 మీటర్లు. నేరుగా అంత చోటు లేకపోతే మధ్యలో ఒక మలుపు తిప్పి, మలుపు దగ్గర సమతలం ఇవ్వాలి. ఏ ద్వారం అన్నది ఇప్పుడే చెప్పను. చక్రగమనం గారి మాట దృష్ట్యా, అందరూ వాడే ద్వారం ఏదో ముందు తెలియాలి; దక్షిణ ద్వారం గుండా సంఘం వారు మామూలుగా వస్తూ పోతూ ఉంటే అదే మేలు, ఎప్పుడూ మూసి ఉండేదైతే కాదు. మీ నాన్నగారిని ఈ అయిదు కొలతలు టేపుతో తీయించి పంపమనండి: నేల నుంచి లోపలి గచ్చు వరకు సరైన ఎత్తు, రెండు ద్వారాల వెడల్పు, గడప ఎత్తు, ప్రతి ద్వారం ముందున్న ఖాళీ పొడవు, వాన నీరు ఏ వైపుకు పోతుంది అన్నది. గోడ అడుగు భాగం ఫోటో కూడా ఒకటి కావాలి, తేమ ఎంత ఎత్తుకు ఎక్కిందో చూస్తాను. అవి అందితే గీత గీసి ఇక్కడే పెడతాను, మేస్త్రీకి చూపవచ్చు.